మోచేతిలో తోట

వాస్కర్ మెదీనా నా పక్కనే బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరికి తొక్కలు నా బూట్ల మీదికి ఉమ్ముతున్నాడు. కావాలని కాదు. వాడికి తన ముందు ఏముందో కనపడదు, అంతే. నా కూరరటి తోట వాడి కుడి మోచేతిలో ఉంది. ఆ సంగతి ఈ మైదానంలో ముగ్గురికి తెలుసు. నాకు, వాడికి, మా ఆటగాళ్ళు కూర్చునే గుంటకు సరిగ్గా పైన నీడలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న దోన్ తుల్యోకు. వాస్కర్ గురించి చెడ్డగా మాట్లాడొద్దంటుంది మా ఆవిడ మిరేయా, వాడి కూతురికి బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతండ్రివి నువ్వు, ఆ మాటలు బిడ్డకు తగులుతాయి అంటుంది. నేను మాట్లాడటం లేదు. కూర్చుని ఆలోచిస్తున్నాను, దానికి కూడా బిడ్డకు తగులుతుందంటే నేనేం చెయ్యను. బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఏడోది అయిపోయింది, మూడు రెండుతో మేం ముందున్నాం, చక్కెర మిల్లు పొగ సముద్రం వైపు పోకుండా ఇటే తిరిగి మైదానం మీద వాలింది, ఇవాళ ఆఖరి ఆట. ఇవాళ గెలిస్తే నాలుగో స్థానం మాది. నాలుగో స్థానం వస్తే వాస్కర్‌కు బోనస్, వాడికి బోనస్ వస్తే నాకు తోట. ఇంత పొడుగు తాడు పట్టుకుని వేలాడుతున్నాను నేను, దాని అవతలి కొస గింజలు నములుతున్న వీడి చేతిలో ఉంది.

ఎడమ గోడ పక్కన ఇనుప జాలీ కట్టిన ఈ ఇరుకు చోటును దొడ్డి అంటాం. ఆట మధ్యలో దిగాల్సిన పిచర్లు ఇక్కడ బంతులు విసిరి చెయ్యి వేడెక్కించుకుంటారు, ఆ బంతులు పట్టేది నేను. మేకు కొట్టిన చెక్కపెట్టెలో ఫోను ఉంటుంది, మేనేజర్ రాదామెస్ గుంటలోంచి చేస్తాడు, ఫలానా వాణ్ణి లేపు అంటాడు, కాసేపాగి మళ్ళీ చేసి సిద్ధమేనా అని అడుగుతాడు. అవును, లేదు, ఇంకొంచెం. ఇరవై ఏళ్ళుగా ఈ మూడు మాటల మీద జీతం తీసుకుంటున్నాను. నా పేరు పోల్దో, ఇక్కడ అందరూ గోడ అంటారు, బంతి వేస్తే తిరిగొస్తుంది, మాట వేస్తే తిరిగిరాదు, అందుకని. నేను పట్టిన బంతి ఒక్కటీ లెక్కలోకి రాదు, బోర్డు మీద నా పేరు పడదు, ఎడమ చూపుడువేలు మాత్రం లావెక్కి పక్క వేలితో మాట్లాడటం మానేసింది. పదిహేడేళ్ళప్పుడు ఆడటానికి అమెరికా వాళ్ళు నన్నూ తీసుకున్నారు, రెండు వేసవులు ఉంచుకుని, నీ కాళ్ళు నెమ్మది అని చెప్పి విమానం ఎక్కించారు. ఆ విమానంలో ఇచ్చిన చిన్న సబ్బుబిళ్ళ అమ్మ చాలాకాలం దాచింది, వాసన పోయినా.

ఈ ఏడు మేం ఓడినట్టు ఎవరూ ఓడి ఉండరు. వానకు ఓడాం, వాన ఆగినందుకు ఓడాం. కరెంటు పోయేసరికి ముందున్నాం, వచ్చాక చూస్తే వెనకున్నాం. ఒకసారి మా వాడి బూటు ఊడి బేస్ దగ్గర ఉండిపోయింది, వాడు బూటు కోసం వెనక్కి తిరిగాడు, బంతి కోసం కాదు. అమెరికా నుంచి తెచ్చిన ఇద్దరూ క్రిస్మస్ అని చెప్పి వెళ్ళారు, ఏ క్రిస్మస్ అన్నది చెప్పలేదు. నవంబరులో క్లబ్బు వాళ్ళు ఐసు కొనడం ఆపేశారు, పిచర్లు భుజాల మీద తడిగుడ్డలు వేసుకుని పెళ్ళికి వండి అలిసిపోయిన ఆడవాళ్ళలా కూర్చునేవాళ్ళు. బాకా ఊదేవాడు ముందు రోజుకో పాట ఊదేవాడు, తర్వాత శవయాత్ర పాట ఒక్కటే, ఆఖరికి అసువా ఊరు వెళ్ళి వాళ్ళ జట్టుకు ఊదుతున్నాడు. ఇంత ఓడినా ఇంకా ఆశ ఎందుకు మిగిలిందంటే, ఉన్న ఆరు జట్లలో మాకంటే దరిద్రం ఒకరికి, మాతో సమానమైన దరిద్రం ఇంకొకరికి పట్టింది. ఆ రెండో జట్టుకు నిన్న ఓడాక ఇక ఆటల్లేవు, ఇవాళ మేం గెలిస్తే నాలుగో స్థానం మాది, ఓడితే వాళ్ళది. దేవుడు మమ్మల్ని పూర్తిగా చంపకుండా ఇవాళ్టి దాకా ఎందుకు ఉంచాడో నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

దొడ్డి మీద మెట్లలో దోన్యా ఫెఫా కూర్చుంటుంది. వయసు అడిగితే తిడుతుంది. ఇంట్లోంచి దిండు తెచ్చుకుంటుంది, మేం ఓడిన ప్రతి ఆటా చూసింది. జాలీ మీదికి వంగి, "గోడా, ఆ ఎలియెసెర్‌ని మళ్ళీ దింపుతారా ఏంటి? వాడి బంతి వస్తుంటే మధ్యలో లేచి కాఫీ పెట్టుకుని రావచ్చు" అంటుంది. మా ముసలి పిచర్ ఎలియెసెర్ తల ఎత్తకుండా, "పెట్టుకుంటే నాకూ ఒక గ్లాసు, దోన్యా" అంటాడు. "నీకు కాఫీ కాదురా, కొవ్వొత్తి తెస్తా." పక్కవాళ్ళు నవ్వుతారు. మా జట్టు పేరు పెలికాన్లు, జనం కొంగలు అంటారు, కొంగకైనా ఒంటికాలి మీద నిలబడటం వచ్చు, మీకు రెండు కాళ్ళ మీదా రాదు అని మొన్న ఒకడు అరిచాడు. వాస్కర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. నెల రోజులుగా వాడు ఒక్క పరుగు ఇవ్వలేదు. ఓడే జట్టులో ఒక్కడు బాగా ఆడుతుంటే వాడు జట్టుకు చెందడు, సంతలో పశువులా ముక్కుతాడుతో ఒక పక్కన నిలబడి ఉంటాడు, కొనేవాళ్ళు పళ్ళు చూస్తుంటారు. మా దగ్గర ఆచారం అది. ఓడి బయటికి పోయిన జట్లలోంచి, మిగిలిన నాలుగు జట్లూ మర్నాడే తమకు కావలసిన వాళ్ళను ఏరుకుంటాయి. నిన్నటిదాకా తిట్టిన చొక్కా తొడుక్కుని వాళ్ళు ఇంకో నెల ఆడతారు. అందుకని డిసెంబరు వచ్చేసరికి ఓడే జట్టులో ఎవడి చెయ్యి వాడిదే. ఇవాళ మాతో ఆడుతున్న అసువా ఎప్పుడో పైకి వెళ్ళిపోయింది, ఇవాళ ఓడినా వాళ్ళకు పోయేదేం లేదు, గెలిస్తే మాత్రం మేం బయటికి, వాస్కర్ సంతలోకి.

నాన్న ఆ తోట నేలను కొనలేదు. తుఫాను వచ్చి యాకె నది పక్కకు జరిగి పోయినప్పుడు మిగిలింది, అంతా రాళ్ళు, కొట్టుకొచ్చిన మొద్దులు, ఒక చనిపోయిన గాడిద. మనిషి ఒక్క రోజులో చదును చేసే నేలను తారెయా అంటారు, ఆ పేరు పెట్టినవాడు మా నేల చూసి ఉండడు, నాన్న ఒక్కో తారెయాకు ఆరేసి నెలలు పెట్టాడు. ఏరిన రాళ్ళన్నీ నది వైపు కట్టగా వేశాడు, ఆ కట్ట ఇప్పటికీ కదల్లేదు. కాలవలో మాకు గురువారం వంతు. గురువారం మధ్యాహ్నం తూము తాళం తీస్తే నీళ్ళు ఎర్రగా, కుక్కపిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ పాదుల్లోకి వచ్చేవి, నాన్న చెప్పులు విప్పి అందులో నిలబడేవాడు, పని ఉండి కాదు. అయిదో తరగతిలో ఉండగా బడి కిటికీ దగ్గరికి వచ్చి చేత్తో సైగ చేశాడు, లారీ వచ్చింది, గెలలు మోసేవాడు లేడు. ఒక్క రోజుకని లేచి వెళ్ళాను. నా బల్ల మీద పెన్సిలు ఎవరు తీసుకున్నారో. ఇన్నేళ్ళ తర్వాత, ఇలాంటి సాయంత్రం, మూడు రెండుతో ముందున్నప్పుడు, ఆ పెన్సిలు గుర్తుకు రావడమేమిటి.

వాస్కర్‌ను అమెరికా వాళ్ళు పంపేసినప్పుడు వాడు నేరుగా మా వరండాకు వచ్చాడు. మోచేతిలో నరం తెగింది, మణికట్టు దగ్గర ఇంకో నరం తీసి అందులో కుట్టాలట, రాజధానిలో చేస్తారట, ఏడాది విశ్రాంతి అట. వాడి భార్య చంకలో నెలల పిల్ల యాదిరా, మిరేయా పెట్టిన ఉడికిన అరటికాయ ముద్ద ముట్టుకోకుండా కూర్చుంది. నేను వాడి చెయ్యి పట్టుకుని వేలితో నొక్కి చూశాను. వాడి పద్దెనిమిదేళ్ళప్పటి నుంచి వాడి బంతులు పట్టినవాణ్ణి, ఆ చేతిలోంచి వచ్చే బంతి గ్లవ్‌లో పడితే తలుపు వేసినట్టు ఉంటుంది, మిగతావాళ్ళది తలుపు తట్టినట్టు. అలాంటి చెయ్యి ఊరికే పోతుంటే చూడలేకపోయాను, తప్పు అక్కడే జరిగింది, జాలి వల్ల కాదు, ఆ చప్పుడు మళ్ళీ వినాలనిపించి. వాడి ఆపరేషన్ ఖర్చుకు దోన్ తుల్యోకు తోట అమ్మాను, తిరిగి కొనుక్కునే షరతు మీద, గడువు ఈ వచ్చే జనవరిలో ముగ్గురు రాజుల పండగ. నోటరీ కాగితాలు ముగించి, ఇంకో తెల్లకాగితం తీసి, "ఎలాగూ కూర్చున్నాం పోల్దో, ఆ కుర్రాడి దగ్గర కూడా ఒకటి రాయించుకుందామా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "వచ్చే ఆదివారం వాడి బిడ్డను ఎత్తుకుని చర్చిలో బాప్తిస్మం తొట్టి దగ్గర నిలబడుతున్నా. వాడు నాకు కొంపాయ్ అవుతాడు, తమ్ముడితో సమానం. కొంపాయ్ దగ్గర కాగితం రాయించుకునేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో తెలుసా నీకు?" నోటరీ పెన్ను మూత పెట్టాడు. "తెలుసు. తోట ఉన్నవాడు అంటారు." ఆ రోజు వాణ్ణి కొట్టబోయాను. ఆదివారం వాస్కర్ చేతికి కట్టుతోనే వచ్చాడు, ఎడమ చేత్తో బిడ్డను నా చేతుల్లో పెట్టాడు, నీళ్ళు పడగానే యాదిరా నా చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు, మేకమాంసం వండారు, వాస్కర్ అందరి ముందూ నా నెత్తి మీద ముద్దు పెట్టి ఇస్తా కొంపాయ్, మొదటి బోనస్ నీదే అన్నాడు. కాగితం బదులు బిడ్డను ఇచ్చాడు నాకు. బిడ్డను నోటరీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించలేం కదా.

ఫోను మోగింది. ఎప్పుడు ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలైందో, అసువా వాళ్ళిద్దరు ఎప్పుడు బేస్‌ల మీదికి వచ్చారో నేను చూడనే లేదు. రాదామెస్ గొంతు గరగరలాడుతోంది. "గోడా, వాస్కర్‌ని లేపు. తొందరగా." వాస్కర్ చేతులు దులుపుకుని లేచాడు. నేను మోకాళ్ళు విరిగే చప్పుడుతో కూర్చున్నాను. మొదటి బంతి మామూలుగా, రెండోది కాస్త గట్టిగా, ఆరోదానికి అరచెయ్యి మండింది. తలుపు వేసిన చప్పుడు. అన్నీ ఉన్నాయి ఆ బంతిలో, వేగం ఉంది, ఆఖర్లో ఆ చిన్న వంపు ఉంది, నాన్న రాతికట్ట ఉంది, ఎర్రనీళ్ళు ఉన్నాయి. ఏడో బంతి విసరలేదు వాడు. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా, ఇంకా వేడెక్కలేదని చెప్పు."

"నా అరచెయ్యి కాలిపోతోందిరా."

"ఇద్దరున్నారు బేస్‌ల మీద. ఒక్క దెబ్బ తగిలితే నెల రోజుల లెక్క పాడవుతుంది నాది. అసువా వాళ్ళు రేపు మొదట నన్నే ఏరుకుంటారు, మాట అయిపోయింది. ఆటగాళ్ళను ఏరుకోవడానికి వచ్చిన జపాన్ ఆయన వాళ్ళ గుంట వెనకే కూర్చున్నాడు, చూడు, తెల్లటోపీ."

"ఇవాళ గెలిస్తే బోనస్ వస్తుంది. మన మాట అదే కదా."

"ఈ క్లబ్బు ఇస్తుందా అన్నా బోనస్? ఐసు కొనే దిక్కు లేదు వీళ్ళకి."

"అయితే మోచెయ్యి నొప్పని నువ్వే ఫోనులో చెప్పుకో."

గ్లవ్ మీదుగా వాడి కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. "ఆ మాట బయటికొస్తే రేపు నన్ను ఎవడూ ముట్టుకోడు, నీకు తెలుసు. నువ్వు చెప్పు, కొంపాయ్. నువ్వు చెప్తే నమ్ముతాడు."

ఫోను మళ్ళీ మోగుతోంది. చెక్కపెట్టె కదులుతోంది, మేకు వదులైంది, దాన్ని కొట్టాలని అక్టోబరు నుంచి అనుకుంటున్నాను. సిద్ధం అనవచ్చు. సిద్ధం అంటే వాడు జనం అందరి ముందూ మోచెయ్యి పట్టుకుని కూర్చుంటాడు, లేదా వెళ్ళి మనసు లేని చేత్తో విసిరి కొట్టించుకుంటాడు, విసరాలని లేనివాడి చేత బాగా విసిరించే మాట ఇరవై ఏళ్ళలో ఎవరూ నాకు నేర్పలేదు. నొప్పి అనవచ్చు. ఆ ఒక్క మాటతో వాడి పని అయిపోతుంది, కడుపులో చల్లగా ఉంటుంది, ఎంత బాగుంటుందో, కానీ ఆ మోచేతిలో ఉన్నది ఎవరిది. తెగులు పట్టిన చెట్టును నరికేస్తే తెగులు పోతుంది, గెల కూడా పోతుంది, నాన్న నరికేవాడు కాదు, ఆకులు మాత్రం కోసి, ఇంకొక నెల చూద్దాం అనేవాడు, ఒక్కోసారి గెల వచ్చేది, ఒక్కోసారి పక్క చెట్లు కూడా పోయేవి. యాదిరా ఇప్పుడు మాట్లాడుతోంది, నన్ను గోడ అనే పిలుస్తుంది, ఎవరు నేర్పారో. ఈ ఫోనులో నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, అందుకే రాదామెస్ నమ్ముతాడు, అంటే ఇన్నేళ్ళుగా ఒక్కో నిజం చొప్పున కూడబెట్టింది ఇవాళ వీడి కోసం ఖర్చు పెట్టడానికన్నమాట. ఎత్తాను.

"సిద్ధమేనా?"

"ఇంకా వేడెక్కలేదు."

జనం గోల ఫోనులోంచి ఒకటి, గాలిలోంచి ఒకటి, రెండుసార్లు వినపడింది. "నిన్నంతా ఊరికే కూర్చున్నాడు కదరా," అన్నాడు రాదామెస్. తర్వాత, "సరే. ఎలియెసెర్‌ని పంపు."

ఎలియెసెర్ నిన్న విసిరాడు, మొన్న విసిరాడు. నుదుటి మీద, గుండెల మీద సిలువ గీసుకుని, "నాలుగు పట్టు చాలు గోడా, ఉన్నవే కొన్ని, ఇక్కడే అవగొట్టుకోను" అన్నాడు. నాలుగూ తలుపు తట్టాయి. జాలీ గేటు తెరిచాను. ఆ పొడుగాటి గడ్డి మీద వాడు నడిచి వెళ్ళడం చూస్తుంటే, వెనక చొక్కా చెమటకు అంటుకుని వీపు ఎముకలు కనపడుతుంటే, దోన్యా ఫెఫా ఇవాళ ఏమంటుందా అని ఎదురుచూశాను, ఆవిడ దిండు సర్దుకుని ముందుకు వంగింది. వాస్కర్ మళ్ళీ బెంచీ మీద కూర్చుని గింజల పొట్లం విప్పాడు. నాకు కొన్ని పోయబోయాడు. మొదటివాణ్ణి ఎలియెసెర్ గాల్లోకి కొట్టించాడు, ఔట్, జనం లేచారు, నేను కూడా, సిగ్గు లేకుండా, లేచి జాలీ పట్టుకున్నాను, ఒక్క క్షణం ముసలివాడే అందరినీ కాపాడతాడేమో, నా అబద్ధం ఎవరికీ తగలకుండా పోతుందేమో అనిపించింది. రెండోవాడు కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో నాకు బ్యాటు చప్పుడులోనే తెలిసింది. అది మా గోడకే వచ్చి తగిలింది, నా తల పక్కన, చేయి చాపితే అందేంత దూరంలో, రంగు రాలింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ చుట్టి ఇంటికి చేరారు, వాళ్ళకు రెండు పరుగులు. నాలుగు మూడు. ఎలియెసెర్ టోపీ తీసి లోపల చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తొమ్మిదోలో మా వాళ్ళు ముగ్గురు బ్యాటు తీసుకుని వెళ్ళారు, ముగ్గురూ బ్యాటు తీసుకుని వచ్చారు. అంతే, అయిపోయింది, ఏడాది.

జనం మమ్మల్ని తిట్టలేదు. దిండ్లు తీసుకుని, పిల్లల చేతులు పట్టుకుని, మామూలు ఆదివారం లాగా మెట్లు దిగిపోయారు. బాకా ఊదేవాడు అవతలి వైపు నుంచి అసువా పాట ఊదాడు, మా వైపు చూసి మధ్యలో ఆపాడు. దోన్యా ఫెఫా జాలీ దగ్గర ఆగి, "ఇంటికి పోయి అన్నం తిను, గోడా" అంది. తిట్టినా బాగుండేది. అసువా కోచ్ గడ్డి దాటి వచ్చి వాస్కర్ భుజం మీద చెయ్యి వేశాడు, ఎడమ భుజం మీద, కుడిది ముట్టుకోలేదు, జాగ్రత్తగల మనిషి. వాస్కర్ సంచీ జిప్పు వేసుకుంటున్నాడు. పండగకు గడువు అన్నాను. వాడు తల ఊపాడు. "ఫిబ్రవరిలో చూద్దాం, కొంపాయ్."

"ఇస్తా అన్నావు."

"అదే కదా, చూద్దాం అంటున్నా." కోచ్ వింటున్నాడేమోనని పక్కకు చూశాడు. "యాదిరాకి బొమ్మ కొంటానన్నావంట, అడుగుతోంది."

అక్కడ నీ బంతులు ఎవరు పడతారు అని అడిగాను. ఎందుకు అడిగానో. నోరు ఒక్కోసారి కుక్కలాంటిది, తన్నిన కాలి వెంటే పోతుంది. "వాళ్ళకి క్యాచర్ ఉన్నాడన్నా," అన్నాడు వాస్కర్, జాలితోనే అన్నాడు, నా నెత్తి మీద ముద్దు పెట్టాడు కూడా, చర్చి రోజున పెట్టినట్టే, ఆ కుడిచెయ్యి నా మెడ చుట్టూ వేసి. మోచెయ్యి నా చెంపకు తగిలింది. కుట్ల మచ్చ గట్టిగా, నున్నగా, దుంప మొలకలా ఉంది. నేను కదలకుండా నిలబడ్డాను. అంత దగ్గరగా దాన్ని మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలియదు.

దోన్ తుల్యో మెట్లు దిగి జాలీ అవతల నిలబడ్డాడు, చొక్కా మీద వేరుశెనగ పొట్టు, టోపీ చేతిలో. చెడ్డవాడు కాదు, అదే బాధ, చెడ్డవాడైతే ఏదో ఒకటి పట్టుకోవడానికి ఉండేది. "నాకూ కష్టంగానే ఉంది, పోల్దో. ఎనిమిదోలో వాస్కర్ వస్తాడనుకున్నా. చెయ్యి బాగాలేదా?" జాలీ సందుల్లోంచి వేరుశెనక్కాయలు గుప్పెడు పోశాడు, చెయ్యి చాపాను, ఎడమ చెయ్యి, ఆరో బంతి మంట ఇంకా అందులోనే ఉంది. వేడెక్కలేదన్నాను. "ఒక్కోసారి అంతే," అన్నాడు. "కాలవ తూము తాళంచెవి పండగ రోజు ఇస్తే చాలు, తొందరేం లేదు. ఉన్న గెలలు కోసుకో, నేనేమీ అనను. నీ చేత్తో పెట్టినవి." ఆయన వెళ్ళాక గ్లవ్ సంచిలో పెట్టాను, ఫోను పెట్టె మేకు రాయితో కొట్టి బిగించాను, అది వచ్చే ఏడు ఎవరికి మోగుతుందో గానీ, అప్పుడు బెంచీ మీద కూర్చుని నాన్న చెప్పినట్టు హద్దులు చెప్పుకున్నాను, చిన్నప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి, తూర్పున నది, రాతికట్ట, పడమర కాలవ, ఉత్తరాన బండిదారి, దక్షిణాన ఒకప్పుడు వేపమాను ఉండే ఖాళీ గట్టు, మధ్యలో ఇరవై రెండు తారెయాల కూరరటి తోట, గురువారం నీటి వంతుతో సహా.